కానుగ గుంతలో మూడు వరసల మట్టి

1

ఇది ఎస్తేరు టీచరు గారు రాయమన్నది. మా ఇల్లు బడిని ఆనుకుని ఉంది కాబట్టి మొక్కకు నీళ్ళు పోసే పని మాకు ఇచ్చారు. నీళ్ళు పోసే ఇంటివాళ్ళే మొక్క సంగతులు రాసిపెట్టాలని చెట్ల కమిటీ పద్ధతట. మా అత్త గవరమ్మకు అక్షరాలు రావు. మా ఆయన సన్యాసిరావు మా ఇళ్ళన్నిటి మీదా పరిచిన షీటు కప్పుకు అతుకులు వేసే పనికి పొద్దున పోతే సాయంత్రానికి గానీ రాడు. నేను ఐదో తరగతి దాకా చదివాను. ఇద్దరూ నా వైపే చూశారు.

"ఆకులు ఎలా ఉన్నాయి, నీళ్ళు ఇంకాయా లేదా, అంతే రాయి పైడితల్లీ. ఎవరితోనూ మాట్లాడే పని లేదు" అన్నారు టీచరు గారు. ఆ చివరి మాటకే ఒప్పుకున్నాను.

మొక్క ఇంకా రాలేదు. అందుకని రావడానికి ముందు జరిగింది రాస్తాను.

మొదటి కప్పు కింది ఊరి నుంచి చెట్ల కమిటీ శశిధర్ గారు వచ్చారు. ప్రతి బడి ఆవరణలోనూ ఒక చెట్టు ఉండాలని వాళ్ళ పట్టుదల. వాళ్ళ బడిలో వేపచెట్టు ఉంది, మధ్యాహ్నం పూట కూడా పిల్లలు పరుగెత్తుతారు అని బొమ్మలు చూపించారు. మా నాలుగో కప్పు గాలి మిషను పాతబడింది. మా పిల్లలు మధ్యాహ్నం బల్లల మీద తలలు వాల్చేస్తారు. టీచరు గారు ఇద్దరు ముగ్గుర్ని కింద పడుకోబెట్టి మిగతావాళ్ళకు పాఠం చెబుతుంటారు. అందుకని అందరం శ్రద్ధగానే విన్నాం. చివర్లో ఆయన నవ్వుతూ, "బడికో మొక్క మేమిస్తాం. మీరు ఇంటికో బకెట్టు మట్టి ఇవ్వండి చాలు" అన్నారు.

కొందరు లేచి వెళ్ళిపోయారు. ఆయన మమ్మల్ని పిసినారులు అనుకున్నట్టున్నారు.

మధ్యాహ్నం ఆయనకు భోజనం మా ఇంట్లో. తోటకూర పప్పు వడ్డించి తలుపు వెనక్కి వచ్చేశాను.

"కూర చాలా బాగుందమ్మా. ఏ మట్టిలో పెంచారు?" అని అడిగారు.

"మా ఆయన మట్టిలో బాబూ" అంది మా అత్త. "పోయి ఆరేళ్ళయింది. మొదట్లో చేదుగా ఉండేవాడు. ఇప్పుడు బాగున్నాడు."

ఆయన చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది. వాళ్ళ కప్పుకు మట్టి భూమి నుంచి ఓడల్లో వచ్చిందట. మా కప్పుకు ఏ ఓడా రాలేదు. కప్పు బయటి ఎర్ర దుమ్ములో గడ్డి కూడా మొలవదు. మా వాళ్ళు పోతే మట్టింటికి ఇస్తాం. కొన్ని నెలలకు సంచీలో మట్టి చేసి ఇస్తారు. దాన్ని ఇంటి పెట్టెలో కలుపుకుంటాం. అందులోనే మా కూరలు.

చాలాసేపటికి ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నారు. మర్యాద గల మనిషి.

"పొద్దున నేను అడిగింది..." అన్నారు. "ఇంటికో బకెట్టు."

"అవును బాబూ. మా ఆయన మొత్తం కలిపితే రెండు బకెట్లు."

ఆయన మంచినీళ్ళు అడిగారు.

2

మట్టి వచ్చేసింది. ఇస్తారని నేను అనుకోలేదు.

టీచరు గారు వారం పైన ఇంటింటికీ తిరిగారు. కాలవ వరస పెద్ద కొర్లయ్య మొదట తలుపే తీయలేదట. ఆవిడ గుమ్మం బయటే నిలబడి, "మీ నాన్నగారు బడి మొహం చూడలేదని మీరే చెప్పేవారు కదా. ఇప్పుడు పంపించండి" అన్నారట. ఈ సంగతి నాకు కొర్లయ్య కోడలు చిన్నాలు చెప్పింది. కుళాయి దగ్గర నాతో మాట్లాడేది అదొక్కతే. మా మామ అరగంట ఏడ్చి, లేచి తనే బకెట్టు కడిగాడే అంది.

ఆ మాట కప్పంతా పాకింది. అక్కడి నుంచి ఎవరూ కాదనలేదు. మా అత్త కూడా మామగారిలో సగం తీసింది. తీస్తూ, "బడికి పోయి అల్లరి చెయ్యకు" అంది.

ఇక్కడ మూడు వరసల ఇళ్ళు. గేటు వరస, గట్టు వరస, కాలవ వరస. మాది గట్టు వరస. మూడు వరసలూ ఒక కుళాయి నీళ్ళే తాగుతాయి, ఒక గాలే పీలుస్తాయి. పెళ్ళిళ్ళు మాత్రం ఏ వరసకు ఆ వరసే. మట్టి ఒక వరసది ఇంకో వరస దానికి తగలడం అసలు లేదు. ఒక ఇంట్లో అన్నదమ్ములకే తేడాలొస్తే పెట్టె మధ్యలో నిలువుగా కప్పు షీటు ముక్క దించి ఎవరి మట్టి వాళ్ళు ఉంచుకుంటారు. మా మామగారికీ ఆయన తమ్ముడికీ మధ్య షీటు ఉంది. బతికుండగా మాటల్లేవు, ఇప్పుడు రెండు వైపులా తోటకూర బాగానే వస్తుంది.

ముందు ఎవరు పొయ్యాలన్న దాని మీద పెద్ద పేచీ అయింది. గేటు వరస పెద్ద తవిటయ్య, "మా వరసే ముందు. వేరేవాళ్ళది పోశాక మా పెద్దల్ని పొయ్యం" అన్నాడు. మా గట్టు వరస, కనీసం రెండోది మాది అంది. కాలవ వరసకు చివరి రోజు మిగిలింది. ఒకరికొకరు ఎదురుపడకుండా రోజుకో వరస వచ్చి, గుంత చుట్టూ అడ్డు తెరలు కట్టుకుని పోసి వెళ్ళారు. గుంత నా ఎత్తు కంటే లోతు. నిండింది.

3

ఈ పేజీ కమిటీకి ఇచ్చే ముందు తీసేస్తాను.

కాలవ వరస వాళ్ళు పోసి వెళ్ళిన సాయంత్రం, పిల్లలు ఇళ్ళకు పోయాక, నేను ఒక్కదాన్నే గుంత దగ్గరికి వెళ్ళాను. కొంగు కింద చిన్న స్టీలు డబ్బా ఉంది.

పోయిన ఏడు నాకు ఆడపిల్ల పుట్టింది. పుట్టినప్పుడే ఊపిరి లేదు. అలాంటి పిల్లను తల్లికి చూపించరు. పేరు పెట్టరు. మట్టింటి నుంచి ఒక గుప్పెడు వస్తుంది. దాన్ని ఇంటి పెట్టెలో కలిపితే పుట్టబోయేవాళ్ళను కూడా లాక్కుంటుందని కలపరు. మా అత్త ఆ డబ్బాను పై అరలో, విరిగిన దీపాల వెనక పెట్టింది. దాని గురించి మా ఇంట్లో ఇంతవరకూ ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. వంట చేస్తున్నంతసేపూ ఆ అర నా తల మీదే ఉండేది.

బడి గుంత ఏ ఇంటి పెట్టే కాదు కదా అనుకున్నాను. ఎవరికీ కీడు జరగదు. చుట్టూ పిల్లలుంటారు.

మట్టి మీద పోసి వేలితో కలిపేశాను. కాలవ వరస మట్టి నల్లగా ఉంది, మా పిల్లది కొంచెం తెల్లగా ఉంది. కలిపాక తెలియలేదు.

4

మొక్క వచ్చింది. కానుగ. నా మోకాలి ఎత్తు ఉంది. ఆకులు మెరుస్తున్నాయి, నూనె రాసినట్టు.

పిల్లలు దాని చుట్టూ గుమిగూడారు. ఇంత పెద్ద మొక్కను వాళ్ళెప్పుడూ చూడలేదు. మేమూ చూడలేదు. ఒక పిల్ల, "ఇది ఎన్నాళ్ళకు వండుతారు?" అని అడిగింది. వండరు, ఇది ఇలాగే ఉంటుంది అని టీచరు గారు చెబితే, "మరి ఉంటే ఏం చేస్తుంది?" అంది.

దాని నీడ నా అరచేయి అంత. బాగా చదివినవాళ్ళకు ఆ నీడలో చెయ్యి పెట్టుకోనిస్తున్నారు టీచరు గారు.

నీళ్ళు పోశాను. ఆకులన్నీ పచ్చగా ఉన్నాయి.

5

మొక్క వచ్చి మూడో నెల. ఒక ఆకు రాలింది. నేను చూస్తుండగానే ఎవరూ ముట్టుకోకుండా రాలింది. తోటకూర ఆకు మనం తుంచితేనే వస్తుంది, దానంతట అది ఊడిపోదు. ఆకును కొంగులో పెట్టుకుని టీచరు గారి దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ కమిటీకి ఫోను చేశారు. చెట్లకు ఒకటీ అరా రాలడం మామూలే, భయపడకండి అన్నారట.

తరవాత రోజు ఇంకో నాలుగు రాలాయి. మిగతావి పసుపు తిరిగాయి. కమిటీ వాళ్ళు ఈసారి భయపడకండి అనలేదు. శశిధర్ గారు వచ్చి చూస్తారన్నారు. మొక్క ఇక్కడ బతికేలా లేకపోతే, బతికుండగానే తీసుకెళ్ళి ఇంకో కప్పు బడికి ఇస్తారట. మొక్కలు తక్కువ, అడిగే బడులు ఎక్కువ.

ఇంకో సంగతి రాయాలి. నిన్న పోసిన నీళ్ళు ఇవాళ కూడా అలాగే ఉన్నాయి. పులిసిన కుడితి వాసన వస్తోంది. ఎక్కువ పోస్తున్నానేమో అని తగ్గించాను. అయినా నిలబడే ఉన్నాయి.

6

ఇవాళ కుళాయి దగ్గర తవిటయ్య అందరూ వినేలా అన్నాడు. "మొక్క ఏ మట్టిలో నిలబడి ఉందో చూసుకుంటే సరిపోదా? పైనున్నది ఎవరిది?"

పైనున్నది కాలవ వరసది.

చిన్నాలు బిందె కింద పెట్టింది. "ముందు మేమే పోస్తామని ఎగబడింది మీరే కదా తవిటయ్య బాబూ. అడుగున పడ్డారు. ఇప్పుడు పైకి రావాలనుందా?"

ఆడవాళ్ళు కొందరు నవ్వారు. తవిటయ్య నవ్వలేదు. "మురికి కాలవ పక్కన బతికినవాళ్ళ మట్టి కూడా అలాగే కంపు కొడుతుంది. పో, వాసన చూసుకో" అన్నాడు.

ఆ మట్టిలో చిన్నాలు అత్త కూడా ఉంది. అది బిందె నిండకుండానే ఎత్తుకుని వెళ్ళిపోయింది. నేను పక్కనే ఉన్నాను. నీళ్ళు నిలబడటానికి మీ మట్టి కారణం కాదేమో అని అందామనుకున్నాను. ఎందుకో నాకే తెలియదు కాబట్టి అనలేదు.

సాయంత్రానికి కబురు తెలిసింది. కొర్లయ్య తన వరసను పోగుచేసి, "మన మట్టి మనం తెచ్చేసుకుందాం. రేపే" అన్నాడట.

తెచ్చుకుంటే మా పిల్ల వాళ్ళతో వెళ్ళిపోతుంది. ఏ ఇంటికి వెళుతుందో కూడా తెలియదు. ఏ పెట్టెలోనో గోంగూర కింద పడుతుంది. వాళ్ళకు తెలియకుండా వాళ్ళింటికి చేరుతుంది. వాళ్ళ కోడళ్ళెవరికైనా నాకు జరిగినట్టే జరిగితే?

అన్నం వండాను గానీ ఉప్పు వేశానో లేదో గుర్తు లేదు.

7

ఆ రోజే మా ఆయన అన్నం తింటున్నప్పుడు నీళ్ళ సంగతి చెప్పాను. అంతకు ముందే, సాయంత్రం ఇనపకడ్డీ తీసుకెళ్ళి గుంతలో దించి చూసి వచ్చాను. మోచేయంత లోతు దిగి ఆగిపోయింది. ఎక్కడ దించినా అక్కడికే ఆగింది. రాయి కాదు, రాయి అయితే టంగుమంటుంది. మెత్తగా వెనక్కి నెడుతోంది.

"షీటు అయ్యుంటుంది" అన్నాడు ఆయన, పచ్చడి కలుపుకుంటూ.

"ఏం షీటు?"

"మన వరస షీటు. అమ్మ అడిగితే ఇచ్చాను. పక్కవాళ్ళ మట్టి తగలకుండా. ఎవరితోనూ అనొద్దంది."

మా అత్త అవతల మా వైపు వీపు పెట్టి కూర్చుని ఉంది. కదల్లేదు.

కాసేపు ఆలోచించాను. నాకు లెక్కలు తొందరగా రావు. "మన వరస రెండోది కదా. మన మీద కాలవ వరసది పోశారు. మోచేయి లోతుకే కడ్డీ ఆగింది. అది మన షీటు ఎలా అవుతుంది?"

ఆయన చెయ్యి ఆగింది.

"కొర్లయ్య కూడా ఒకటి పట్టుకెళ్ళాడు" అన్నాడు మెల్లగా. "తవిటయ్య కూడా. ఎవరికి వాళ్ళు, ఇంకెవరికీ చెప్పకు అన్నారు. చెప్పలేదు."

"మూడు ఇచ్చావా?"

"పెట్టెలో వేసినట్టు నిలువుగా దించి, గుంతను మూడు వాటాలు చేసుకుంటారనుకున్నానే. ఒకదాని మీద ఒకటి పరుస్తారని నాకేం తెలుసు? అయినా ఏమవుతుంది? తోటకూరకు జానెడు మట్టి చాలదా?"

నాకు కూడా తోటకూరే తెలుసు. కానీ కప్పు షీటు సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు. అందులోంచి గాలే దూరదు. ఆ షీటు చిరిగితే మేమందరం చస్తాం. దాన్ని మా చేతులతో మేమే, మూడు పొరలు, మొక్క కింద వేశాం.

ఆయన కంచం పక్కకు నెట్టాడు. "అందరం వేశామా?" అన్నాడు.

మా అత్త అప్పటికీ వెనక్కి తిరగలేదు.

8

ఇది రాయడానికి చాలా రోజులు పట్టింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్నే నేనూ మా ఆయనా టీచరు గారి దగ్గరికి వెళ్ళాం. ఆవిడ షీట్ల మాట విని కుర్చీలో కూర్చుండిపోయారు. "ఇంటింటికీ తిరిగాను" అన్నారు. ఈలోపే బయట గొడవ వినబడింది. కొర్లయ్య వరస బకెట్లతో వచ్చింది. వెనకాలే తవిటయ్య, వాళ్ళ వాళ్ళు. మా వరస వాళ్ళూ వచ్చారు, మా అత్త కూడా. కాసేపటికి శశిధర్ గారు వచ్చారు, మొక్కను తీసుకెళ్ళడానికి తడిగుడ్డ, గోనెసంచీ పట్టుకుని.

మా ఆయన షీట్ల సంగతి అందరి ముందు చెప్పేశాడు. ఎవరూ కాదనలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తవిటయ్య కొర్లయ్యతో, "నువ్వు కూడానా?" అన్నాడు. కొర్లయ్య, "మీ దగ్గర నుంచే నేర్చుకున్నాం" అన్నాడు.

శశిధర్ గారు మొక్కను మెల్లగా పెకలించారు. కింది నుంచి వేళ్ళు వచ్చాయి. వస్తూనే ఉన్నాయి. షీటు మీద దారి దొరక్క గుండ్రంగా చుట్టుకుని చుట్టుకుని, నీళ్ళ పైపు చుట్టలాగా ఉన్నాయి. సగం నల్లగా కుళ్ళిపోయాయి. పైన ఉన్న మొక్క కంటే కింద ఉన్నదే పెద్దది. చూస్తున్నవాళ్ళు రెండడుగులు వెనక్కి వేశారు. మొక్కకు కింద అంత ఉంటుందని మాలో ఎవరికీ తెలియదు.

"కిందికి పోదామని చూసింది" అన్నారు శశిధర్ గారు.

కొర్లయ్య వరస వాళ్ళు తమ మట్టిని తీసి పక్కన పరదా మీద కుప్ప పోశారు. కింద వాళ్ళ షీటు కనబడింది. దాన్ని లాగారు. దాని కింద మా గట్టు వరస మట్టి, తోడి ఇంకో కుప్ప పోస్తున్నారు. అప్పుడు పారకు ఏదో తగిలింది.

చిన్న మూట. షీటు ముక్కలో చుట్టి దారంతో కట్టి ఉంది. పిడికిలంత.

తీసి పక్కన పెట్టారు. ఇంకొకటి వచ్చింది. ఇంకొకటి. గుంత అంచుల్లో చేత్తో దూర్చినట్టు, ఒకదానికొకటి దూరంగా ఉన్నాయి. మా వరస షీటు తీసి గేటు వరస మట్టి తోడితే అందులో కూడా ఉన్నాయి. కొర్లయ్య వరస కుప్పను కెలికితే అందులోనూ దొరికాయి. తవిటయ్య ఒకటి చేతిలోకి తీసుకుని, "ఇవేంటి? ఎవరు పెట్టారు?" అని అడుగుతున్నాడు. మగవాళ్ళకు అర్థం కాలేదు. ఆడవాళ్ళు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయారు. ఆ నిశ్శబ్దంతో నాకు అర్థమైంది.

నేనొక్కదాన్నే అనుకున్నాను. ఆ మూటలు పరదా మీద వరసగా పెడుతున్నారు. మూడు వరసల్లోనూ ఉన్నాయి. తవిటయ్య చేతిలో ఉన్నదాన్ని ఆయన భార్యే వచ్చి తీసుకుంది.

మా మట్టిలో దొరికినవాటిలో రెండు మూటలకు ఎరుపు దారం కట్టి ఉంది. దారం రెండు చుట్లు చుట్టి పక్కకు ముడివేసి ఉంది. మా ఇంట్లో పప్పుల డబ్బాల గుడ్డలకు ఉండేది ఆ ముడే.

మా అత్త వైపు చూశాను. ఆవిడ నేల వైపు చూస్తోంది.

అప్పటికి కొర్లయ్య మనుషులు తమ కుప్పను బకెట్లకు ఎత్తడం మొదలుపెట్టారు. కొర్లయ్య చేతిలోని బకెట్టు సగం నిండింది. ఆయన నడవబోతున్నాడు.

"మామయ్యా, ఆగండి" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. అంతమంది ముందు నేనెప్పుడూ మాట్లాడలేదు. మా ఆయన కూడా ఎవరో అనుకుని పక్కకు చూశాడు.

"ఆ మట్టి తీసుకెళ్ళకండి. అందులో మా పిల్ల ఉంది."

కొర్లయ్యకు అర్థం కాలేదు. "ఏ పిల్ల?"

"పోయిన ఏడు పుట్టిన పిల్ల. మీరందరూ వెళ్ళాక వచ్చి పోశాను. మూట కట్టాలని నాకు తెలియదు. వేలితో కలిపేశాను."

"పేరేంటి?"

"పెట్టలేదు."

ఆయన బకెట్టులోకి చూశాడు. దాన్ని కింద పెట్టలేదు, పట్టుకుని ఉండలేకపోయాడు. చెయ్యి వదులైపోతుంటే చిన్నాలు వచ్చి పట్టుకుంది. వాళ్ళ వరసలో ఒకతను, "గట్టు వరస పిల్లని మా పెద్దల్లో కలిపావా? అదీ పేరు లేని పిల్లని? ఈ మట్టి ఇక మా ఇళ్ళకెలా తీసుకెళతాం?" అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగా అడిగాడు. తప్పు చేశానని నాకు తెలుసు. కానీ ఆ మట్టి కదలకూడదు, అదొక్కటే తెలుసు.

"తీసుకెళ్ళకండి" అన్నాను మళ్ళీ. "ఇక్కడే ఉండనివ్వండి."

అప్పుడు మా అత్త కదిలింది. వెళ్ళి ఎరుపు దారం మూటలు రెండూ తీసుకుంది. దారం పంటితో తెంచింది. కొర్లయ్య వరస కుప్ప దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, రెండూ అందులో ఒంపేసింది.

"అమ్మా" అన్నాడు మా ఆయన. "అవేంటి?"

"నీ ముందువాళ్ళు" అంది. "ఇద్దరు. ఇరవై ఎనిమిదేళ్ళు అటక మీద ఉన్నారు."

మా ఆయనకు తనకంటే ముందు పుట్టినవాళ్ళున్నారని ఆ క్షణం దాకా తెలియదు. ఆయన షీట్ల కుప్ప మీద కూర్చున్నాడు. ఆ తరవాత లేవమన్నా చాలాసేపు లేవలేదు.

తవిటయ్య భార్య తన మూట విప్పింది. ఆయన చెయ్యి చాపాడు, ఆపడానికో, ఇంకెందుకో. ఆమె ఆగలేదు. తరవాత ఇంకొకామె. కొందరు విప్పలేదు. ఇద్దరు తమ మూటలు తీసుకుని కొంగులో దాచుకుని ఇళ్ళకు వెళ్ళిపోయారు. వాళ్ళను ఎవరూ ఏమీ అనలేదు. గేటు వరసలో రెండిళ్ళవాళ్ళు, మా పెద్దల్ని మాకివ్వాల్సిందే అని ఇప్పటికీ అంటున్నారు. ఏది ఎవరిదో తీసే దారి లేదు. వాళ్ళు అడిగేసరికి మూడు కుప్పలూ ఒకటైపోయాయి.

కొర్లయ్య బకెట్టును తిరిగి కుప్ప మీద కుమ్మరించాడు. "మా నాన్న బడికి వచ్చాడు. ఉండనీ" అన్నాడు. నా వైపు చూడలేదు. ఇప్పటికీ చూడడం లేదు.

శశిధర్ గారు తడిగుడ్డలో మొక్కను పట్టుకుని నిలబడే ఉన్నారు. టీచరు గారు ఆయన దగ్గరికి వెళ్ళి, "తీసుకెళతారా?" అని అడిగారు.

"కుళ్ళిన వేళ్ళు కోసేస్తాను" అన్నారు ఆయన. "బతుకుతుందని చెప్పలేను. బతక్కపోతే ఇంకోటి తెస్తాను. నా మాటగా రాసుకోండి." ఆయన కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. అలాగే ఉన్నారు.

అడుగున దుమ్ము తగలకుండా ఉన్న ఒక్క షీటు వదిలి, మిగతావి బయట పడేశారు. మట్టిని గుంతలో వేసే ముందు బాగా కలపాలన్నారు శశిధర్ గారు. పారలు చాలలేదు. ఆడవాళ్ళం చుట్టూ కూర్చుని చేతులతో కలిపాం. నల్ల మట్టి, తెల్ల మట్టి, ఎరుపు కలిసిన మట్టి. ఏది ఎవరో చూడకూడదని అందరూ తలలు వంచుకునే ఉన్నారు. నా పక్కన మా అత్త ఉంది. ఆ రోజు పిల్లను మట్టింటికి పట్టుకెళ్ళింది ఆవిడే. చూసింది ఆవిడొక్కతే.

"అత్తా" అన్నాను. "ఎలా ఉండింది?"

ఎవరని ఆవిడ అడగలేదు. చేతులు కలుపుతూనే ఉన్నాయి.

"జుట్టు ఒత్తుగా ఉంది" అంది. "కనుబొమ్మలు కలిసి ఉన్నాయి, నీకు లాగే. ఎవరో నిద్ర చెడగొట్టినట్టు మొహం ముడుచుకుంది."

"ఇంకా?"

"కుడి చెయ్యి మూసుకుని ఉంది. నేను విప్పి చూశాను. ఎందుకు చూశానో."

"ఏముంది?"

"ఏముంటుందే. ఏం లేదు. మళ్ళీ మూసేశాను."

ఎలా మూసుకుని ఉందో చూపించడానికి ఆవిడ తన చెయ్యి మూసింది. బొటనవేలు లోపలికి పెట్టి, గట్టిగా. అందులో మట్టి ఉంది. అవతల గుంత దగ్గర మట్టి తెమ్మని పిలుస్తున్నారు. ఆవిడ ఆ చెయ్యి తెరవలేకపోయింది. నేను దాన్ని నా రెండు చేతుల్లోకి తీసుకుని, ఒక్కొక్క వేలూ విప్పాను.